తిరిగిందని ఎలా తెలుసు?

పసుపు మరక పడితే సబ్బుతో కుస్తీ పట్టొద్దు, ఎండలో ఆరెయ్యమని మన గోదావరి జిల్లాల్లో ఏ ఇంట్లోనైనా చెబుతారు. అదే పసుపును కాస్త స్పిరిట్‌లో కలిపి, తేరిన ద్రవాన్ని దొంగనోట్లు పట్టే అతినీలలోహిత దీపం కింద పెట్టండి. ఆకుపచ్చ కలిసిన పసుపు వెలుగు చిమ్ముతుంది. రెండూ పసుపులోని కుర్కుమిన్ అనే రంగు చేసే పనులే. దాన్ని వెలిగించేదీ కాంతే, తినేసేదీ కాంతే.

కాంతితో నడిచే అణుయంత్రాలు కట్టి, వాటి కదలిక చూడడానికి మెరిసే రంగు తగిలించేవాళ్లకు ఇదే తలనొప్పి. క్లాసులో రసాయన శాస్త్రవేత్త ఫెరింగా చేసిన అణుమోటారు గురించి చెబితే పిల్లలు వెంటనే అడుగుతారు, "తిరిగిందని ఎలా తెలుసు సార్?" అని. అడగాల్సిన ప్రశ్నే. 1999లో ఆయన చేసిన మోటారుకు ఇరుసు ఒక కార్బన్ జంట బంధం. అతినీలలోహిత కాంతి తగిలితే పై సగం తిరుగుతుంది, వెచ్చదనం దాన్ని వెనక్కి రాకుండా అవతలికి నెడుతుంది. ఇలా రెండుసార్లు జరిగితే ఒక చుట్టు, అదీ ఒకే దిక్కుకు. 2016లో ఆయనకు సోవాజ్, స్టోడర్ట్‌లతో కలిపి నోబెల్ వచ్చింది. కానీ 1999లో చూసింది ఒక్క మోటారును కాదు, లెక్కలేనన్ని అణువుల వర్ణపటాన్ని.

ఒక్కదాన్నే తిరుగుతుండగా చూసిన ముచ్చట అంతకు ముందే, 1997లో, జపాన్‌లో జరిగింది. నోజీ, యోషిదా, కినోసితా బృందం మన కణాల్లోనూ ఉండే ఎఫ్1 అనే ప్రొటీన్ మోటారును గాజుపలకకు అంటించి, దాని ఇరుసుకు మెరిసే రంగు పూసిన ఆక్టిన్ పోగును తగిలించింది. ఇంధనంగా ఏటీపీ పోసింది. మైక్రోస్కోపులో పోగు గిరగిరా తిరిగింది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి బయటపెట్టింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. మన జిల్లాలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎందరుంటారో!

అయితే ఆ పోగు మోటారుకు వందరెట్లు పొడవు. దాన్ని ఈడ్చలేక మోటారు నెమ్మదించింది. 2001లో పోగు బదులు 40 నానోమీటర్ల బంగారు పూస పెడితే అదే మోటారు సెకనుకు నూటికి పైగా చుట్లు తిరిగింది. బంగారం వెలిసిపోదు కూడా. కానీ ఫెరింగా మోటారు ఒకటి రెండు నానోమీటర్ల వస్తువు, దానికి ఆ పూసే కొండంత. అక్కడ రంగు అణువు తప్ప దారి లేదు.

ఆ రంగును మోటారుకు మరీ దగ్గరగా కడితే అది మోటారుకు అందిన కాంతిశక్తిని లాగేసుకుంటుంది, మోటారు ఆగుతుంది. దూరంగా, వదులుగా కడితే రంగు తనంతట తానే ఊగుతుంది. తిరిగింది మోటారో రంగో తేల్చలేం. అందుకే మధ్యలో బిర్రుగా ఉండే కడ్డీలాంటి అణువు కావాలి. మోటారుకు అతినీలలోహితం, రంగుకు ఆకుపచ్చో ఎరుపో వేరేగా వెయ్యాలి. అయినా మోటారుకు వేసే దీపం రంగును కూడా కొంత కాలుస్తూనే ఉంటుంది.

పెరిలీన్ జాతి రంగులకు ఇలాంటిచోట మంచి పేరుంది. కార్ల పెయింటులో వేసేవీ ఈ జాతివే మరి, ఏళ్ల తరబడి ఎండకు ఓర్చుకుంటాయి. రంగును ఎక్కువగా దెబ్బతీసేది ఆక్సిజన్ కనుక గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైముతో దాన్ని ముందే తినిపించేస్తారు. విటమిన్ ఇకి చుట్టమైన ట్రోలాక్స్ కూడా చిటికెడు వేస్తారు. పేరంతా మోటారుదే అవుతుంది గానీ, పిల్లలు బొమ్మ గీసినప్పుడు రంగును మూలకి చిన్న చుక్కలా పెడితే నేను ఒప్పుకోను. ముందు దాన్నే గియ్యమంటాను.