‘భద్రపరచబడింది’ అనే మాట: ఫైల్ రాతలో పురోగతి, దోష నివేదన – ఒక విమర్శ

1. ప్రవేశిక

తాళపత్రాల ఛాయాప్రతులను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేటప్పుడు తెరమీది పట్టీ నూరు శాతానికి చేరగానే పని ముగిసిందని భావించి పరికరాన్ని తీసివేయడం పరిపాటి. తర్వాత చూస్తే కొన్ని ఫైళ్లు తెరుచుకోవు. ఈ నష్టాన్ని వాడుకరి తొందరపాటుకే ఆపాదించడం సమంజసం కాదు. ‘పూర్తయింది’ అన్న మాటను ఆపరేటింగ్ సిస్టమ్ ఏ అర్థంలో పలుకుతున్నదో లినక్స్ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. రాత, నిలుపుదల

లినక్స్‌లో ‘రైట్’ ఆదేశం తాను స్వీకరించిన బైట్ల సంఖ్యను తిరిగి చెబుతుంది. అది కోరినదానికంటె తక్కువ కావచ్చు. అప్పుడు మిగిలినదాన్ని ప్రోగ్రామే మళ్లీ పంపాలి. తెరమీది పట్టీ సాధారణంగా ఈ సంఖ్యల మొత్తాన్నే చూపుతుంది. అయితే ఆ బైట్లు మామూలుగా మొదట చేరేది డిస్కుకు కాదు, పేజీ క్యాషే అనే తాత్కాలిక స్మృతికి. డిస్కుకు చేరాకే బదులు చెప్పమని కోరడానికి ‘ఎఫ్‌సింక్’ అనే వేరొక ఆదేశం ఉంది. పోస్టాఫీసు ఇచ్చే రసీదు ఉత్తరాన్ని పంపినందుకు సాక్ష్యమే గాని, అది అందినందుకు సాక్ష్యం కాదు. పట్టీ చూపేది ఆ రసీదును మాత్రమే.

3. దోషం ఎవరికి చెప్పాలి?

అసలు చిక్కు దోష నివేదనలో ఉంది. డిస్కు విఫలమయ్యే వేళకు రాయమన్న ప్రోగ్రామ్ ముగిసిపోయి ఉండవచ్చు. యూనిక్స్ నిర్మాతలలో ఒకరైన కెన్ థాంప్సన్ 1978లోనే, ఇట్టి ఆలస్యపు రాత వల్ల దోషాలను అర్థవంతంగా తెలపడం దాదాపు అసాధ్యమవుతున్నదని అంగీకరించాడు. నలభై ఏళ్ల తర్వాత, 2018లో, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ నిర్వాహకులు అదే సమస్యను ఎదుర్కొన్నారు. ‘ఎఫ్‌సింక్’ ఒకసారి విఫలమైతే లినక్స్ ఆ దోషాన్ని తెలిపి, డిస్కుకు చేరని పేజీలను చేరినట్లే గుర్తించవచ్చు. రెండవసారి అడిగితే విజయమనే బదులు వస్తుంది. మళ్లీ ప్రయత్నిస్తే చాలునని నమ్మిన డేటాబేస్‌కు ఆ విజయం అసత్యమే. అందుకే 2019 నుండి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అటువంటి వైఫల్యం ఎదురైతే సర్వర్‌ను ఆపివేసి, ముందుగా రాసుకున్న లాగ్ నుండి సమాచారాన్ని పునరుద్ధరించుకొంటున్నది.

4. పదవిమర్శ

ప్రతి రాతా డిస్కు కోసం వేచి ఉంటే యంత్రం నత్తనడక నడుస్తుందన్న సమర్థన న్యాయమైనదే. నా ఆక్షేపణ ఆలస్యంపై కాదు, దానిని దాచే మాటపై. ‘సేవ్’కు తెలుగులో ‘భద్రపరచు’ అన్న అనువాదం వాడుకలో ఉంది. ఆంగ్లపదం కంటె ఇది మరింత గట్టి హామీ ఇస్తుంది. ‘భద్రపరచబడింది’ అన్న కర్మణి రూపంలో కర్త లోపిస్తాడు. ఎవరు, ఎక్కడ భద్రపరిచారన్న ప్రశ్నకు తావుండదు. తెలుగులో ‘అందింది’, ‘నిలిచింది’ అన్న రెండు సులభమైన క్రియలున్నాయి. స్మృతికి చేరినప్పుడు మొదటిది, డిస్కు అంగీకరించిన తర్వాత రెండవది వాడితే రెండు దశల భేదం స్పష్టమవుతుంది.

5. ముగింపు

పురోగతిని చూపే పట్టీ, దోషాన్ని తెలిపే వాక్యం రెండూ సిస్టమ్ వాడుకరికిచ్చే వాఙ్మూలాలు. అవి తప్పయితే ఏళ్ల పరిశోధన పోవచ్చు. సాంకేతిక పదాల అనువాదకులు నిఘంటువుతో తృప్తిపడక, ఆ పదం వెనుక జరిగే క్రియను కూడా విచారించాలి. అంతవరకు పరికరాన్ని సురక్షితంగా తొలగించే ఆదేశం ముగిసేదాకా ఆగడం, ఆపై ప్రతిని తిరిగి తెరిచి మూలంతో సరిచూసుకోవడం పరిశోధకుల కనీస విధి. ప్రతిని మూలంతో పోల్చడం పరిష్కర్తలకు కొత్త పాఠమేమీ కాదు.