ఏనుగు గడియారం: బొమ్మ, పాఠం

అల్‌-జజరీ ఏనుగు గడియారం బొమ్మను మన పాఠకులలో చాలామంది చూసే ఉంటారు. ఇస్లామీ విజ్ఞానం మాట వచ్చిన చోటనల్లా, పుస్తకాల అట్టల మీదా క్యాలెండర్ల మీదా, అదే ప్రత్యక్షమవుతుంది. దుబాయిలో ఇబ్న్ బతూతా పేరిట కట్టిన బజారులో దాని నిలువెత్తు నమూనాయే ఉంది. ఏనుగు మీద అంబారీ, తలపాగా చుట్టిన మావటి, నోరు తెరచిన సర్పాలు, శిఖరాన పక్షి. చూపు మరల్చుకోవడం కష్టమే. ఆ ముచ్చటను నేను తప్పుపట్టను. అయితే మనం మెచ్చుకుంటున్నది దేనిని?

నా దగ్గరున్న ఒక క్యాలెండరులో బొమ్మ పక్కనున్న అరబీ పంక్తులను కత్తిరించివేశారు. అవి అలంకారమనుకున్నారు కాబోలు!

జజరీ అమిద్‌ నగరంలో (నేటి తుర్కీలోని దియార్‌బకిర్‌) అర్తుఖీ పాలకుల కొలువులో ఉండేవారు. సుల్తాన్‌ నాసిరుద్దీన్‌ మహమూద్‌ కోరిక మీద తన 50 యంత్రాల నిర్మాణాన్ని గ్రంథస్థం చేసి, హిజ్రీ 602లో (క్రీ.శ. 1206) ముగించారు. బొమ్మలలోని భాగాలకు అక్షరాలు గుర్తులుగా పెట్టారు. పాఠం ఆ గుర్తులను పట్టుకునే నడుస్తుంది. బొమ్మలు కొలతకు సరిగ్గా ఉండవనీ, అమరిక బోధపడటానికే వేశాననీ ఆయనే చెప్పుకున్నారు. అంటే పాఠం లేని బొమ్మ ఆయన దృష్టిలోనే అసంపూర్ణం.

అసలు యంత్రం ఏనుగు కడుపులో ఉంది. అక్కడ ఒక నీటి తొట్టి, అందులో తేలే గిన్నె, గిన్నె అడుగున సన్నని బెజ్జం. నీరు నెమ్మదిగా ఎక్కి అరగంటకు గిన్నె మునుగుతుంది. మునిగేటప్పుడు లాగిన తాడుతో పైనుంచి ఒక గుండు జారి సర్పం నోట పడుతుంది. ఆ బరువుకు సర్పం కిందికి వంగుతూ, మునిగిన గిన్నెను పైకి లాగుతుంది. గుండును వదిలేసి సర్పం స్వస్థానానికి చేరుతుంది; ఖాళీ అయిన గిన్నె మళ్ళీ తేలుతుంది. గుండ్లు అయిపోయేదాకా ఎవరూ చేయి వేయనక్కరలేదు. మావటి దెబ్బ, పక్షి విన్యాసం ఇవన్నీ ఆ గిన్నె చలవే.

నిజానికి ఈ గిన్నె మనకు పరాయిది కాదు. చిల్లిగిన్నెను నీట వదిలి, అది మునిగే వ్యవధిని ఒక ఘటికగా, అంటే 24 నిమిషాలుగా, ఈ దేశంలో లెక్కించేవారు. గడియ, గడియారం అన్న మన మాటలు అక్కడివే.

1315, 1354 సంవత్సరాల నాటి ప్రతులు విడిపోయి, వాటి పత్రాలు వేర్వేరు మ్యూజియాలకు చేరాయి. పుటగా ఉన్నది పటమయింది. బోస్టన్‌ మ్యూజియంలోని పత్రాల మీద ఆనంద కుమారస్వామి 1924లోనే పుస్తకం రాశారు. కానీ గ్రంథమంతా ఇంగ్లీషులోకి వచ్చింది 1974లో, డొనాల్డ్‌ హిల్‌ చేతి మీదుగా. ఆయన ఇంజనీరు కావడం గమనించదగ్గది. 1976లో లండన్‌ సైన్స్‌ మ్యూజియంలో జజరీ కోట గడియారాన్ని నిర్మించి నడిపారు. పాఠం చదివినవారు కనుకనే నడపగలిగారు.

క్యాలెండరు వేసేవారు వచ్చే ఏడాది అంబారీని కాస్త చిన్నది చేసి, పక్కన ఆ గిన్నె బొమ్మనూ నాలుగు పంక్తుల తెలుగు వివరణనూ వేస్తే, మా పిల్లలకు చూపించడానికి రెండు ప్రతులు నేనే కొంటాను.