గేటు దించింది ఎవరు?

మొన్న ఆదివారం గవర్నరుపేటలో పదిహేనుమంది కూర్చున్న చిన్న గదిలో ఫ్రాయిడ్ పాఠం చెబుతూ, ‘రిప్రెషన్’కి తెలుగుగా బోర్డు మీద ‘అణచివేత’ అని రాశాను. ‘ఎవరు ఎవర్నండీ?’ అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. బెజవాడలో ఆ మాట రాస్తే ఊరేగింపు గుర్తొస్తుంది గాని మనసు గుర్తొస్తుందా? తప్పు నాదే.

‘అహం’ ఇంకా చిక్కు. సంస్కృతంలో అచ్చంగా ‘నేను’, తెలుగులోకొచ్చేసరికి పొగరైపోయింది. 1923లో ఫ్రాయిడ్ రాసిన పుస్తకం పేరుకి అర్థం ‘నేను, అది’, అంతే. జర్మన్ పిల్లలకూ తెలిసిన మాటలు. ఇంగ్లీషువాళ్లు వాటిని ఈగో, ఇడ్ అని లాటిన్ చేశారు. మనం ఆ లాటిన్నే నెత్తికెత్తుకున్నాం.

కొత్తవాళ్లకు చెప్పడం ఆయనకే బాగా తెలుసు. 1909లో అమెరికాలోని క్లార్క్ యూనివర్సిటీలో, ఎదురుగా ఉన్న హాలునే ఉదాహరణ చేసుకున్నాడు. ఒకడు అల్లరి చేస్తున్నాడు. నలుగురు పట్టి బయటకు నెట్టి, తలుపుకి కుర్చీలు అడ్డం వేసుకు కూర్చున్నారు. వాడు ఊరుకుంటాడా? బయటినుంచి తలుపు బాదుతాడు. రోగలక్షణమంటే ఆ బాదుడే. అందుకే నేనిప్పుడు ‘గెంటివేత’ అంటున్నాను. పండితులు మొహం చిట్లిస్తే చిట్లించనీ.

కొందరు బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’తో మొదలెడతారు. దయానిధి, అతని తల్లి: ఉదాహరణ చేతికందినట్టే ఉంటుంది. నేను మానేశాను. నవల కాస్తా కేసు షీటైపోతుంది.

నా ఉదాహరణ ప్రకాశం బరాజ్. డెబ్భై గేట్లూ దించినంతమాత్రాన కృష్ణ ఎక్కడికీ పోదు. వెనక మట్టం పెరుగుతుంది. నీళ్లు ఏలూరు కాలువకో బందరు కాలువకో మళ్లుతాయి. గెంటేసిన కోరికా అంతే, కలలోకో, నోరు జారిన మాటలోకో మళ్లుతుంది. బాగానే కుదిరిందనుకుని చాక్‌పీసు కింద పెట్టాను.

లాకుల దగ్గర పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు లేచారు. ‘మేం గేటు దించితే ఎవరి ఆర్డరో, మట్టమెంతో పుస్తకంలో ఎక్కిస్తామండి. మీరు చెప్పే మనిషి గేటు దించి, ఆ పేజీ చింపేస్తాడా?’

‘చింపానన్న సంగతి కూడా మర్చిపోతాడండీ.’

రెండు పుస్తకాలు తిరగేసినా నాకు దొరకని పోలిక ఆయన నోట వచ్చింది. గేటు తెలిసే దించుకుంటే అది నిగ్రహం. పేజీ లేకపోతేనే ఫ్రాయిడ్ చెప్పింది. నా బరాజ్‌లో ఆ పేజీయే లేదు.

ఆయన ఇంకా కూర్చోలేదు. ‘పేజీ లేదన్నారు సరే. మరి మట్టం ఎవరు చూస్తారండీ?’


ఈ ఆదివారం అక్కణ్ణుంచి మొదలెట్టాలి.