గారడీ అనే తిట్టు గురించి

ఒక కవితలో పదాల ఆర్భాటమే తప్ప సరుకు లేదని చెప్పదలిస్తే, "మాటల గారడీ" అని ఒక్క ముక్కలో తేల్చేయడం మన విమర్శకులకు అలవాటు. ఈ మాటను ఇంత ధారాళంగా వాడేవారిలో గారడీని దగ్గరగా చూసినవారు ఎందరున్నారో గాని, చూసి ఉంటే దాన్ని తిట్టుగా కాక కొలబద్దగా వాడి ఉండేవారని నా అభిప్రాయం.

ఆ మధ్య ఒక జిల్లా కేంద్రంలో స్థానిక ఇంద్రజాలికుల సంఘం సమావేశానికి వెళ్ళాను. గ్రంథాలయం పై అంతస్తులో ఒక హాలు. ముప్పై మందికి మించని జనం: బడిపంతుళ్ళు, ఒక మందుల షాపు యజమాని, ఇద్దరు ఇన్సూరెన్సు ఏజెంట్లు, ఒక ఆర్టీసీ కండక్టరు. పొద్దున ప్రదర్శనలు, మధ్యాహ్నం సరదా పోటీ. చేసేవాళ్ళూ ఇంద్రజాలికులే, చూసేవాళ్ళూ ఇంద్రజాలికులే. అందుచేత అక్కడ రహస్యమన్నది లేదు. రుమాలు ఎటు పోయిందో అందరికీ తెలుసు. మరి దేన్ని చూస్తున్నారు? చేతిని చూస్తున్నారు. ఏ క్షణంలో మన చూపును ఎటు మళ్ళించాడో, అందుకు ఏ మాట వాడాడో, ఎక్కడ ఆగాడో చూస్తున్నారు. గుట్టు తెలిసిపోయిన తర్వాత కూడా మిగిలేదేదో దానికే వాళ్ళు మార్కులు వేస్తారు. ముగింపు తెలిసిన కథను రెండోసారి చదివించగల శక్తి ఏదైతే ఉందో, ఇదీ అదే.

ఇంద్రజాలికుల అంతర్జాతీయ సమాఖ్య ఫిస్మ్ 1948లో ఏర్పడింది. దాని పోటీల్లో హస్తనైపుణ్యం, ప్రదర్శించే తీరు, వినోదం, కళాత్మకత, కొత్తదనం, మాయావాతావరణం వంటివాటిని చూసి నిర్ణయిస్తారు. ఈ చిన్న సంఘంవారి మార్కుల కాగితం కూడా దాదాపు అలాంటిదే. ఆ కాగితంలో నేను వెతికి దొరకనిది ఒకే ఒక్క గడి: ఈ గారడీ దేన్ని గురించి?

గారడీకి వస్తువేమిటని నవ్వేవారుంటారు. 1856లో ఫ్రెంచి ప్రభుత్వం తన దేశపు ప్రఖ్యాత ఇంద్రజాలికుడు రాబర్ట్ హూడాను అల్జీరియాకు పంపింది. ఎందుకు? అక్కడి మతగురువుల మహిమలకన్నా ఫ్రెంచివాడి మహిమ గొప్పదని ప్రజలకు నమ్మకం కలిగించడానికి. విద్యుదయస్కాంతంతో అతుక్కుపోయే చిన్న పెట్టెను ఎత్తలేక అక్కడి బలశాలి ఓడిపోయాడు. నిమ్మకాయలోంచి నెత్తురు తెప్పించి, కొబ్బరికాయను దానంతటదే మండించి, వెంటనే ఆ గుట్టు విప్పి చెప్పే జనవిజ్ఞాన వేదిక కార్యకర్తను మన ఊళ్ళలో చూస్తున్నాం. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే విద్య. ఎవరి ముందు, ఎందుకు చేస్తున్నారన్న దగ్గర ఇద్దరూ విడిపోయారు. అదే వస్తువు.

ఆనాటి మొదటి ప్రదర్శన, అమ్మాయిని పెట్టెలో పెట్టి రంపంతో కోయడం. ఇందులో శ్రమ ఎవరిది? ఆ ఇరుకులో ఒళ్ళు ముడుచుకుని, ఊపిరి బిగబట్టి, క్షణం అటూ ఇటూ కాకుండా కదలవలసింది పెట్టెలోని మనిషి. రంపం పట్టినాయన ప్రధానంగా చిరునవ్వు నవ్వుతాడు. పోటీదారు పేరు రాసే చోట మాత్రం ఆయన పేరొక్కటే ఉంది. ఈ కోత తొలిసారి 1921 జనవరిలో లండన్ రంగస్థలం మీద సెల్బిట్ అనే ఆయన చేసి చూపాడు. బ్రిటన్‌లో ముప్పై దాటిన స్త్రీలలో కొందరికి ఓటు వచ్చి అప్పటికి మూడేళ్ళు. ఆ ఓటు కోసం పోరాడిన నాయకురాలు క్రిస్టబెల్ పాంక్‌హర్స్ట్‌నే వచ్చి పెట్టెలో పడుకొమ్మని సెల్బిట్ ప్రచారం కోసం ఆహ్వానించాడు. ఆమె ఒప్పుకోలేదనుకోండి. 1956లో మన పి.సి. సర్కార్ బీబీసీలో ఇలాంటి కోతే కోస్తే, అమ్మాయి లేవకముందే కార్యక్రమం ముగిసిపోయి, ఆమె చచ్చిపోయిందనుకుని జనం ఫోన్లు చేశారు. సర్కార్ కీర్తి ఆ రాత్రితో పెరిగింది. ఆ అమ్మాయి పేరు చెప్పమంటే మనలో ఎందరు చెప్పగలం?

1905లో పుట్టిన లండన్ మేజిక్ సర్కిల్ 1991 దాకా స్త్రీలను చేర్చుకోలేదు. సోఫీ లాయిడ్ అనే ఆమె మగవేషంలో పరీక్ష నెగ్గి సభ్యత్వం సంపాదించింది. నిజం బయటపడ్డాక, మోసం చేసిందని ఆమెను వెళ్ళగొట్టారు. మోసగించడమే వృత్తిగా గలవారు! తిరిగి చేర్చుకోవడానికి 2025 దాకా పట్టింది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది కండక్టరుగారి ప్రదర్శన గురించి. సంగీతం లేదు, మెరిసే కోటు లేదు, భుజాన సంచి ఉంది. ముందు వరసలోంచి ఒకర్ని ప్రయాణికుడిగా పిలిచి, యాభై నోటు తీసుకుని టికెట్టిచ్చి, దాని వెనక చిల్లర ఇరవై అని రాశాడు. తర్వాత నాలుగు అయిదు రూపాయల బిళ్ళలు ఆ మనిషి గుప్పిట్లో పెట్టి మూయించాడు. తెరిస్తే మూడే. మళ్ళీ తెరిస్తే రెండు. స్టేజీ వచ్చింది దిగమనేసరికి గుప్పిట ఖాళీ, టికెట్టు వెనక రాసిన అంకె కూడా లేదు. హాలంతా నవ్వింది. అప్పుడాయన తన సంచి బోర్లించి దులిపాడు. అందులోనూ ఏమీ లేదు. "నీ దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. చిల్లర ఎవరి దగ్గరున్నట్టు?" అని అడిగి, జవాబు చెప్పకుండా వచ్చి కూర్చున్నాడు. నవ్వు ఆగిపోయింది. వస్తువు శిల్పంలో కరగడమంటే ఏమిటో విద్యార్థులకు చెప్పవలసి వస్తే నేను ఈ ప్రదర్శననే చెబుతాను. తన బతుకులోని రోజువారీ తగాదా ఒకటి ఆయన చేతి విద్యకు దొరికింది. మాయం కావడం అక్కడ చమత్కారంగా మిగలలేదు, ప్రశ్నగా మారింది.

కాని మూడోసారి బిళ్ళ వేళ్ళ సందున కనిపించింది. నా వంటి అమాయకుడికే కనిపించింది.

మార్కులు చెప్పాక టీ తాగుతూ గుండ్రంగా కూర్చుని ఒకరి తప్పులొకరు చెప్పుకున్నారు. ఒక పెద్దాయన, "ఎడమ బొటనవేలు ముందే చెప్పేసింది, తమ్ముడూ" అన్నాడు. "బస్సులో కుదుపుంటది గదన్నా, అక్కడ కనపడదు" అన్నాడు కండక్టరు. "హాలు కదలదు మరి" అన్నాడు పెద్దాయన. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత పావుగంట ఆ బొటనవేలి గురించే మాట్లాడారు, చేయించి చూశారు.

మన సభల్లో ఇది జరుగుతుందా? కవిత చదువుతారు. బిళ్ళ వేళ్ళ సందునుంచి తొంగి చూస్తూనే ఉంటుంది, అరువు తెచ్చుకున్న ప్రతీక, ముందే తెలిసిన ఆఖరి పాదం. మనం లేచి, వస్తువు గొప్పది, నిబద్ధత ఉంది, శిల్పం మీద కొంత శ్రద్ధ పెడితే బాగుంటుంది అని కూర్చుంటాం. ఆ "కొంత శ్రద్ధ" ఏ పాదంలో, ఏ మాట దగ్గర పెట్టాలో చెప్పం. ఇది స్నేహమని మనం అనుకుంటున్నాం. గొప్ప వస్తువును ఎన్నుకున్నవాడికి చిన్న లోపం కూడా ఎక్కువ నష్టం చేస్తుంది. బిళ్ళ కనిపించిన తర్వాత "చిల్లర ఎవరి దగ్గరుంది" అన్న ప్రశ్నకు జవాబు ముందు వరసలో అందరికీ తెలిసిపోయింది: ఆయన వేళ్ళ సందున ఉంది.

ఆ సంఘంవారి లోపమూ చెప్పాలి. పద్మశాలీలను ఆశ్రయించి వాడవాడా విద్యలు ప్రదర్శించిన సాధనాశూరులు గాని, విజయనగర కాలం నుంచీ పేరు వినిపించే విప్రవినోదులు గాని ఆ హాల్లో ఎవరి మాటల్లోనూ రాలేదు. చెప్పుకున్న పేర్లన్నీ లండన్‌వీ, లాస్‌వేగాస్‌వీ.

మొదటి బహుమతి పావురాల ప్రదర్శనకు వచ్చింది. పట్టురుమాళ్ళు, రికార్డు సంగీతం, ఎనిమిది నిమిషాల్లో ఒక్క పొరపాటు లేదు. అందులో పావురాలు తప్ప మరేమీ లేదు కూడా. రెండోది పెట్టె కోసినాయనకు, మూడోది కండక్టరుకు. మార్కులు నన్ను వేయమని ఉంటే కండక్టరుకు నేనూ మూడో స్థానమే ఇచ్చేవాణ్ణి. రెండోది పెట్టెలోని అమ్మాయి పేరున ఇచ్చేవాణ్ణి. మొదటి బహుమతిని వచ్చే ఏటిదాకా బీరువాలో పెట్టించేవాణ్ణి.