‘నిల్వ’ అనే మాట: సున్నపురాతి భారచమురుపై తెలుగు రచనలు

చమురును గురించిన తెలుగు వ్యాసాలలో ‘నిల్వ’ అనే మాట రెండర్థాలను మోస్తున్నది: భూగర్భంలో ఉన్న చమురంతా ఒకటి, అందులో వెలికితీయగలిగినది మరొకటి. మన వ్యాసకర్తలకు చేరువైన కృష్ణా-గోదావరి ఉదాహరణలు అధికంగా ఇసుకరాతివి కనుక ఈ లోపం అంతగా కనబడదు. సున్నపురాతిలోని భారచమురు విషయంలో అది పాఠకుణ్ణి పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది.

కెనడాలోని అల్బర్టా రాష్ట్రపు గ్రోస్‌మాంట్ శిలలలో వేల కోట్ల పీపాల బిట్యుమెన్ ఉన్నదని అంచనా. 1970లలోనే ఆవిరి ప్రయోగాలు మొదలైనా వాణిజ్యోత్పత్తి నామమాత్రమే. ఆవిరి పగుళ్ళ వెంట జారిపోతుంది. చమురు సన్నని రంధ్రాలలో రాతిని అంటిపెట్టుకొని ఉండిపోతుంది. 1974లో బయటపడిన బాంబే హై కూడా ప్రధానంగా సున్నపురాతి క్షేత్రమే, కాని అక్కడిది తేలికచమురు.

‘ఉన్న చమురు’, ‘తీయగల చమురు’ అని విడదీసి రాస్తే చాలును. కొత్త సంస్కృత సమాసం అక్కరలేదు. నర్సీపట్నం చుట్టూ ఉన్న ఖోండలైటు కొండలలో చమురు లేదు. అయినా అక్కడి అధ్యాపకునికి బొర్రా గుహలు చేరువలోనే ఉన్నాయి. అది రూపాంతరం చెందిన సున్నపురాయి, చమురుశిల కాదు. నీరు పగుళ్ళ వెంట రాతిని కరగించి గుహలు చేసిన తీరును మాత్రం విద్యార్థులు అక్కడే చూడవచ్చును.