పెద్ద అంట్లను కడిగే యంత్రాలు - మెరుగుదలలో మెరుగెంత?

పెండ్లి యింట వంట చేసినవానికి పేరు వస్తుంది. వడ్డించినవానికి పలకరింపు దక్కుతుంది. విస్తళ్ళు ఎత్తిన తరువాత, అడుగు మాడిన గుండిగలను ముందు వేసుకొని కూర్చున్న మనిషిని మాత్రము ఎవరును తలచరు. హోటళ్ళు, ఆసుపత్రులు, విద్యార్థి వసతి గృహాలు - వంద మందికి వంట జరిగే చోట ఈ పని తప్పదు. నడుము వంచి చేసే పని ఇది; చేతులు గంటల తరబడి సబ్బునీటిలో నానే పని. దీనిని మనిషి చేతినుండి తప్పించుటకే పెద్ద పాత్రలను కడిగే యంత్రాలు పుట్టినవి. అవి నానాటికి మెరుగుపడుతున్నవని తయారుచేసేవారు చెప్పుతారు. నీటి ఖర్చు తగ్గినది, విద్యుత్తు ఖర్చు తగ్గినది అంటారు. అది నిజమే. అయితే తోముడు తగ్గినదా? ఈ యంత్రాలను పరీక్షించుటకు అడుగవలసిన ప్రశ్న ఇదే.

మొదట ఈ యంత్రముల పుట్టుకను చూడవలెను. 1850లో అమెరికాలో జోయెల్ హౌటన్ అనునతడు చేతితో త్రిప్పే కొయ్య యంత్రమునకు పేటెంటు పొందినాడు. అది పాత్రలపై నీరు చిమ్మేది గాని సరిగా శుభ్రము చేయలేకపోయినది. పనికివచ్చే యంత్రమును నిర్మించినది ఇల్లినాయ్ రాష్ట్రములోని షెల్బీవిల్ పట్టణమునకు చెందిన జోసఫీన్ కాక్రేన్. ఆమెకు 1886 డిసెంబరు 28న పేటెంటు లభించినది. పింగాణి పళ్ళెములను తీగ అరలలో నిలబెట్టి, వాటిపై వేడి సబ్బునీటిని ఒత్తిడితో చిమ్ముట ఆమె పద్ధతి. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఈ యంత్రాలు పేరు తెచ్చుకొన్నవి. వాటిని ఎక్కువగా కొన్నవారు హోటళ్ళవారు.

ఆమె చేసిన ముఖ్యమైన మార్పు ఒక్కటే: రుద్దుటకు బదులు నీటి ధారను నియోగించినది. పళ్ళెమునకు ఇది చక్కగా సరిపోయినది. పళ్ళెము చదునైనది; దానికి అంటేది పులుసు, నేయి, కొన్ని మెతుకులు. కాని వంట పాత్ర సంగతి వేరు. అది లోతైనది, పైగా దాని అడుగున మాడు ఉంటుంది. పళ్ళెము కొరకు పుట్టిన ఉపాయమునే పెద్దది చేసి పాత్రలపై ప్రయోగించుటలోనే తరువాతి చిక్కులన్నియు ఉన్నవి.

మాడు అంత మొండిగా అంటుకొనుటకు కారణమేమి? బియ్యములోని పిండిపదార్థము వేడి నీటిలో ఉబ్బి జిగురవుతుంది. నీరు ఇగిరిపోగా లోహమునకు పొరవలె అతుక్కొంటుంది. పాలు, గ్రుడ్డు మొదలైనవాటిలోని మాంసకృత్తులు వేడికి గడ్డకట్టుతవి. నూనె పలుచని పొరగా పలుమార్లు కాగినప్పుడు గాలిలోని ఆమ్లజనితో కలిసి, కొయ్యకు పూసిన వార్నిషువలె గట్టిపడుతుంది. వీటిలో కొంత భాగము కాలి బొగ్గవుతుంది. మాడు అనగా ఒక్క పదార్థము కాదు. ఇవన్నియు పెనవేసుకొన్న పొర.

దీనిని వదలించుటకు ఏమేమి కావలెనో జర్మనీ దేశపు రసాయనవేత్త హెర్బర్ట్ సిన్నర్ 1959లో తేటగా చెప్పినాడు. శుభ్రపరచుటకు నాలుగు అంగములు కలవు: రసాయనము, వేడిమి, కాలము, రాపిడి. ఒకటి తగ్గినచో మిగిలినవి పెరగవలెను. ఈ సూత్రమును మన యిళ్ళలో పూర్వమునుండి ఎరుగకయే పాటించినారు. పాత్రలో నీళ్ళు పోసి నానబెట్టుట కాలము. కట్టెల బూడిదలోని క్షారము రసాయనము. బూడిదలోని పలుకులు, కొబ్బరి పీచు రాపిడి. వేడినీళ్ళు లేకపోయిన లోటును చేతి బలము తీర్చేది.

ఇక యంత్రములలో వచ్చిన మెరుగులను ఈ నాలుగు అంగములతో పోల్చి చూడవచ్చును.

మొదటి మెరుగు బలమైన పంపు. ధార పాత్రను తాకినప్పుడు కలిగే పీడనము వేగము యొక్క వర్గముతో పెరుగుతుంది. సెకనుకు 10 మీటర్ల వేగముతో వచ్చే ధార వలన సుమారు 50,000 పాస్కళ్ళు, అనగా వాతావరణ పీడనములో సగము కలుగుతుంది. వేగము 20 మీటర్లైనచో పీడనము నాలుగు రెట్లవుతుంది. ఇది లాభమే. కాని రంధ్రము మార్చకుండ వేగమును రెట్టింపు చేసినచో నీటి ప్రవాహము రెండింతలు, పీడనము నాలుగింతలు కాగా, పంపుకు కావలసిన సామర్థ్యము ఎనిమిది రెట్లవుతుంది. రాపిడిని నీటి బలముతోనే కొనుట ఖరీదైన బేరము. పైగా ధార తిన్నగా పోతుంది, మూల తిరుగదు. పాత్ర మెడ సన్ననిదై పొట్ట పెద్దదైనచో, లోపలి భుజముల భాగము ధార తగలని నీడలో ఉండిపోతుంది. పంపు ఎంత బలమైనదైనను ఆ నీడ తొలగదు.

రెండవ మెరుగు వేడిమిని పొదుపు చేయుట. అమెరికాలోని ఆహార నియమావళి ప్రకారము, వేడినీటితో క్రిములను చంపే యంత్రములలో చాలవాటికి చివరి కడుగు నీరు కనీసము 82 డిగ్రీల సెంటిగ్రేడు ఉండవలెను. పాత్ర ఉపరితలము 71 డిగ్రీలకు చేరవలెను. 27 డిగ్రీల వద్దనున్న 10 లీటర్ల నీటిని 82 డిగ్రీలకు తెచ్చుటకు 550 కిలోకెలరీలు, అనగా రమారమి 0.64 యూనిట్ల విద్యుత్తు కావలెను. పూర్వపు యంత్రములలో తలుపు తెరువగానే ఆవిరి గదిలోనికి ఎగసిపోయేది. ఇప్పటి మంచి యంత్రములలో ఆ ఆవిరిని చన్నీటి గొట్టములపై ద్రవీభవింపజేసి, లోపలికి వచ్చే నీటిని ముందుగానే వెచ్చబెట్టుతారు. ఒక గ్రాము ఆవిరి నీరుగా మారినప్పుడు సుమారు 540 కెలరీల గుప్తోష్ణము వెలువడుతుంది. అది పది గ్రాముల చన్నీటిని సుమారు 54 డిగ్రీలు వేడిచేయగలదు. ఇది నిజముగా మెచ్చదగిన మార్పు. విద్యుత్తు మిగులుతుంది, పనివారికి ఉక్క తగ్గుతుంది. అయితే ఇది మాడును వదలించదు. మాడు మిగిలిన చోట వేడినీటి వలన పూర్తి ఫలితమును దక్కదు. ఆ పొర క్రిములకు కవచమవుతుంది.

మూడవ మెరుగు రాపిడిని తిరిగి తెచ్చినది. స్వీడన్ దేశపు గ్రానుల్‌డిస్క్ సంస్థ సబ్బునీటితోబాటు గట్టి ప్లాస్టిక్ గుళికలను పాత్రలపై చిమ్మే యంత్రములను తయారుచేసినది. గుళికలు మాడును కొట్టి రాల్చుతవి. తరువాతి కడుగులో అవి పాత్రలనుండి జారి, మరల వాడుటకు యంత్రములోనే చేరుతవి. ముందుగా నానబెట్టి తోమే పనిని తప్పించుటే దీని ఉద్దేశము. బూడిదలో పలుకులు చేసిన పనినే ఇక్కడ గుళికలు చేస్తున్నవి. సిన్నరు చెప్పిన నాలుగవ అంగమును సరిగా పట్టుకొన్న రూపకల్పన ఇదే.

దీనిలో లోపము లేకపోలేదు. గుళిక మాడును అరగదీసేటప్పుడు తానును అరుగుతుంది. కొంతకాలమునకు గుళికలను మార్చవలసి వస్తుంది. అరిగిన ప్లాస్టిక్ సూక్ష్మ కణములు మురుగునీటితో పోతవి. నీటిలోని ప్లాస్టిక్ కణములను గురించి శాస్త్రజ్ఞులు ఆందోళన చెందుతున్న కాలమిది. జీవక్రియ వలన శిథిలమయ్యే గుళికలును వచ్చినవి. ఆ దారి మంచిదే. గుళికల ధార సహితము నీటి ధారవలె తిన్ననిదే కనుక, సన్నని మెడ గల పాత్రలో నీడ దానికిని తప్పదు.

యంత్రముల గుణమును కొలిచే పద్ధతియును విమర్శకు తగినదే. అమెరికాలో ఎనర్జీ స్టార్ గుర్తింపు క్రింద 2013లో అమలులోనికి వచ్చిన నియమములలో పెద్ద పాత్రల యంత్రములకు ప్రత్యేక తరగతి ఏర్పడినది. పాత్రలనుంచే అర వైశాల్యములో చదరపు అడుగు ఒక్కింటికి 0.58 గ్యాలన్లు, అనగా సుమారు 2.2 లీటర్లకు మించి నీరు వాడరాదన్నారు. పొదుపును నేర్పుటకు ఇది ఉపకరించినది. కాని ఈ లెక్క యంత్రము తలుపు దగ్గర మొదలై అక్కడనే ముగుస్తుంది. పాత్రను లోనికి పంపక ముందు తొట్టిలో నానబెట్టిన నీరు ఇందులో లేదు. పీచుతో గీకిన అరగంట లేదు. యంత్రము తక్కువ నీటితో నడుచుటకు మనిషి ముందుగానే మాడంతయు తోమిపెట్టవలసి వచ్చినచో, పొదుపైనది యంత్రము ఖాతాలో. ఖర్చు మనిషి ఖాతాలో. ఆ రెండు ఖాతాలను కలిపి చూచినప్పుడే మెరుగు తెలుస్తుంది.

తెలుగునాట ఈ విషయము దూరపుదేమియు కాదు. 2003 నుండి ఆంధ్రప్రదేశ్ బడులలో వండిన మధ్యాహ్న భోజనము పెట్టుచున్నారు. పిల్లలు తిని తరగతులకు పోయిన తరువాత పెద్ద పాత్రలు మిగులుతవి. పాశ్చాత్య దేశముల యంత్రాలు ఎక్కువగా చదునైన రేకులకు, నలుచదరపు పాత్రలకు అనువుగా ఏర్పడినవి. మన గుండిగ గుండ్రని అడుగు, సన్నని మెడ కలది. మన వంటశాలలలో అల్యూమినియము పాత్రలు విస్తారము. యంత్రములలో వాడే తీవ్ర క్షారములు అల్యూమినియమును తినివేస్తవి. దానితో కలిసి ఉదజని వెలువడుతుంది, పాత్ర నల్లబడుతుంది. బోరుబావి నీరు కఠినమైన చోట్ల, కాగిన నీటినుండి సున్నపు పొర పేరుకొని సన్నని రంధ్రములు పూడుకొనిపోతవి. కనుక పొరుగు దేశపు యంత్రమును తెచ్చి నిలబెట్టినంత మాత్రమున పని కాదు. వెడల్పు మూతి, మలుపు తేలికైన మూలలు గల ఉక్కు పాత్రలు, నీటి కఠినత్వమును తీసే ఏర్పాటు, యంత్రము - ఈ మూడింటిని కలిపి రూపొందించవలెను.

ఈ అంగములలో కాలము, రసాయనము, రాపిడి - ఈ మూడింటి బలమును బడిలోనే పరీక్షించి చూడవచ్చును. ఒకే రకపు ఉక్కు పళ్ళెములు నాలుగింటిని తూచి, వాటికి ఒకే కొలతలో బియ్యపు పిండి జావ పూసి, పూర్తిగా ఎండనిచ్చి మరల తూచవలెను. మొదటిదానిపై ఒక లీటరు చన్నీరు ఒక అడుగు ఎత్తునుండి పోయవలెను. రెండవదానిని అరగంట నీటిలో నానబెట్టి, మూడవదానిని అరగంట పలుచని చాకలి సోడా నీటిలో నానబెట్టి, అదే విధముగా పోయవలెను. నాలుగవదానిపై ఆ లీటరు నీటిలోనే గుప్పెడు కడిగిన ఇసుక కలిపి పోయవలెను. ఆరిన తరువాత తూచినచో ఏ పళ్ళెమున ఎంత పొర మిగిలినదో తెలుస్తుంది. పోసిన నీరు నాలుగింటికిని సమానమే. ఫలితములు సమానము కావు. సోడా నీటిని చేతి తొడుగులతో ఉపాధ్యాయులే కలుపుట మంచిది.

యంత్రమును కొనేవారు దాని ఎదుట శుభ్రమైన పాత్రను కాక, నిన్న రాత్రి అడుగు మాడిన గుండిగను పెట్టి చూడవలెను. అది బయటికి వచ్చినప్పుడు, పీచు పట్టుకొని నిలిచిన మనిషికి ఇంకను ఎంత పని మిగిలినదో, ఆ యంత్రమునకు అంతే లోపము మిగిలినదని తెలుసుకొనవలెను.