ఓ ప్రాణం వుంటే పంపవే!

"నవలలు రాసుకునేదానివి, నీకీ ఫోనాటలేవిటి?" అని అడిగేవాళ్ళు నాకు చాలామందే వున్నారు. ఆ అడిగేవాళ్ళలో సగంమంది పేకముక్కలు కలిపితే తెల్లారేదాకా లేవనివాళ్ళు. మిగతా సగంమంది క్రికెట్టు చూస్తూ కంచంలో ఏం వడ్డించారో కూడా చూసుకోనివాళ్ళు. మగవాళ్ళాడితే కాలక్షేపం, ఆడవాళ్ళాడితే కాలహరణం! సరే, ఆ తగువు ఇప్పుడొద్దు. నేను ఆటలాడతాను. బి.ఏ. చదివే రోజుల్లో కాలేజీ కంప్యూటరు గదిలో ఒంటరి పేకాట సాలిటేరుతో మొదలై, ఇప్పటిదాకా ఆడుతూనే వున్నాను. చదివిన నవల బావుందో లేదో చెప్పే హక్కు చదివినవాళ్ళకి వున్నట్టే, ఆడిన ఆట బావుందో లేదో చెప్పే హక్కు నాకూ వుంది గదా!

ఆ ఆటల లోకంలో మనకో పేరుంది, తెలుసా? తుపాకులూ కత్తులూ పట్టుకుని గంటలతరబడి ఆడేవాళ్ళు 'గేమర్లు'. కుక్కరు మూడో కూత వేసేలోగా నాలుగు బిళ్ళలు కలుపుకునే మనం 'క్యాజువల్' ఆటగాళ్ళం. అంటే దారినపోతూ కిటికీలోంచి తొంగిచూసేవాళ్ళమని కాబోలు. కానీ ఈ దారినపోయేవాళ్ళమీద నడిచే వ్యాపారం చూస్తే కళ్ళు తిరుగుతాయి. క్యాండీ క్రష్ సాగానే తీసుకోండి. స్వీడన్‌లో పుట్టిన కింగ్ అనే కంపెనీ దాన్ని 2012 ఏప్రిల్లో ఫేస్‌బుక్‌లో పెట్టింది, ఆ నవంబరుకి ఫోన్లలోకి తెచ్చింది. 2016లో ఆ కంపెనీని యాక్టివిజన్ బ్లిజర్డ్ 590 కోట్ల డాలర్లు పోసి కొనుక్కుంది. తుపాకుల ఆటలు అమ్ముకునేవాళ్ళకి చాక్లెట్లమీద అంత ప్రేమ ఎందుకు పుట్టింది? మనం ఆడుతున్నాం గనక! 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ వచ్చి, ఆ కొన్నవాళ్ళనే దాదాపు 6,900 కోట్ల డాలర్లకి కొనేసింది. చిన్నచేపని మింగిన పెద్దచేపని ఇంకో పెద్దచేప మింగినట్టు.

ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకుంటాను. ఆటకట్టు మంచిది. రంగురంగుల బిళ్ళలు. మూడు ఒక వరసలో చేరితే ఠపీమని పేలిపోతాయి, పైనుంచి కొత్తవి జారతాయి. నాలుగు కలిస్తే చారల బిళ్ళ వస్తుంది, అయిదు వరసగా కలిస్తే రంగుల బాంబు. ఈ రెంటినీ పక్కపక్కన చేర్చి కలిపామా, బల్లమీద ఆ రంగు బిళ్ళలన్నీ చారలు తేలి ఒక్కసారి పేలతాయి చూశారూ, దీపావళి చిచ్చుబుడ్డి చూసినంత సంబరం. పైగా ఒక మగగొంతు గంభీరంగా "టేస్టీ!" "డెలీషియస్!" "డివైన్!" అంటూ వుంటుంది. పాతికేళ్ళు వండి వడ్డించినా మన ఇళ్ళల్లో ఏ మగగొంతూ అనని మాటలు! ఆ గొంతు పెట్టించినవాడెవడో మన సంగతి బాగా ఎరిగినవాడే.

ఇహ అసలు సంగతి. ఆట ఉచితం. అయిదు ప్రాణాలిస్తారు. ఓడితే ఒక ప్రాణం పోతుంది. పోయిన ప్రాణం తిరిగి రావాలంటే అరగంట పడుతుంది. ఆగలేకపోతే కొనుక్కోవాలి, కాదంటే చుట్టపక్కాలని అడుక్కోవాలి. ఇంకొక్క ఎత్తులో గెలుస్తామనగా ఎత్తులైపోతాయి. అప్పుడు బంగారు కడ్డీలిస్తే ఇంకో అయిదెత్తులిస్తానంటుంది. ఆ కడ్డీలు ఆటలో అప్పుడొకటీ అప్పుడొకటీ దొరుకుతాయిగాని, తొందరపడేవాళ్ళకి డబ్బే దారి.

నేను సీరియళ్ళు రాసినదాన్ని, ఈ విద్య నాకు కొత్త కాదు. కథానాయిక కవరు చింపుతుండగానో, చీకట్లో ఎవరో తలుపు తడుతుండగానో 'సశేషం' అని పెట్టి కలం మూసేదాన్ని. పాఠకురాలు నన్ను తిట్టుకుని వచ్చేవారం పత్రిక కొనేది. అయినా నన్నెవరైనా మాయలమారి అంటే ఒప్పుకోను. ఎందుకంటే అందరికీ అదే ధర, అందరికీ అదే వారం. కవరులో ఏముందో ఇవాళే తెలియాలంటే ఇంకో పదిరూపాయలు పంపమని నేనెవర్నీ అడగలేదు. పైగా ఆ తలుపు తట్టడం కథకి కావలసి తట్టింది. కనీసం అలా అని నా నమ్మకం! ఈ ఆటలో ఒక మెట్టు కష్టంగా వుంటే, అది ఆటకోసం కష్టమైందా, అంగడికోసం కష్టమైందా అన్న అనుమానం వెన్నాడుతుంది. విమర్శకురాలిగా నా ఫిర్యాదు అదే. ఆ అనుమానం ఒకసారి పుట్టాక గెలుపుకి రుచి వుండదు. మన తెలివితో గెలిచామో, వాళ్ళే జాలిపడి వొదిలారో ఎవరికి తెలుసు?

మన వైకుంఠపాళిలో పెద్దపాము మింగేసినప్పుడు ఏ కొట్టువాడూ వచ్చి, "నిచ్చెన కావాలా అమ్మా, తక్కువలో ఇస్తాను" అనలేదు. శివరాత్రి జాగరణకి తెల్లవార్లూ ఆడి, పరమపదం చేరేవాళ్ళు చేరాక, పటం మడిచి బీరువామీద పెట్టేవాళ్ళం. మర్నాడు ఆ పటం తనంతట తాను కిందికి దిగి, "మీ గవ్వలు నిండాయి, రండి రండి" అని పిలిచేది కాదు.

అంతంలేని ఆటంటేనే చెడ్డదంటారా? అనను. టెట్రిస్ చూడండి. 1984లో మాస్కోలో, సోవియట్ సైన్సు అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేసే అలెక్సీ పజిట్నోవ్ కట్టిన ఆట అది. పైనుంచి ముక్కలు పడుతుంటాయి, కింద వరసలు పేర్చాలి. అందులో గెలుపన్నది లేదు. వేగం పెరిగి పెరిగి చివరికి మనమే ఓడిపోతాం. 2023 డిసెంబరులో అమెరికాలో 13 ఏళ్ళ కుర్రాడొకడు పాత నింటెండో యంత్రంమీద ఆడి ఆడి, ఆటే బిగుసుకుపోయి ఆగిపోయేదాకా తీసుకెళ్ళాడు. మనుషుల్లో అంతదూరం వెళ్ళినవాడు అతనే మొదటివాడు. ఆ కుర్రాడు ఒక ముక్క ఎక్కువ కొనుక్కోలేదు. కొనుక్కోడానికి అక్కడ ఏమీ లేదు కూడా. ఓడినా గెలిచినా అది అతని వేళ్ళ మహిమే. ఇంకో తమాషా ఏవిటంటే, లోకమంతా ఆడుతున్న ఆ ఆటమీద పజిట్నోవుకి చాలా ఏళ్ళు పైసా రాలేదు. హక్కులు ప్రభుత్వానివి. సోవియట్ యూనియనే పోయాక, 1996 తర్వాతగాని అతనికి రాబడి మొదలవలేదు.

ఇంతా చెప్పి, ఆ బిళ్ళల ఆటలాడే ఆడవాళ్ళని నవ్వుతాలుగా చూస్తానేమో అనుకోకండి. మా పిన్ని ఒకావిడ ఏలూరులో వుంది. డెబ్బై దాటాయి. బాబాయి పోయాక రాత్రిళ్ళు ఆవిడకి నిద్రలేదు. కొడుకు చికాగోలో, కూతురు పూణేలో. ఒకరోజు రాత్రి రెండింటికి నా ఫోనుకి పిన్ని దగ్గర్నించి ప్రాణం పంపమని కబురొచ్చింది. గుండె గుభేలుమని వెంటనే ఫోన్ చేశాను.

"ఏం పిన్నీ, ఒంట్లో ఎలా వుంది?"

"నాకేవైందే? నిక్షేపంలా వున్నాను. మెట్టు దగ్గర ఆగిపోయాను. ఓ ప్రాణం వుంటే పంపవే అమ్మాయ్!"

పంపాను. ఆ తర్వాత పావుగంటసేపు బాబాయి గురించి మాట్లాడుకున్నాం. పగటిపూట అడిగితే ఆవిడ ఒక్కమాట చెప్పేది కాదు. ఇప్పుడు మా చుట్టాలందరికీ పిన్ని ఏ రాత్రి మేలుకుందో తెలుస్తుంది. ఎవరో ఒకరు ప్రాణం పంపి, ఫోన్ చేస్తారు. అంచేత ఈ ఆటలో మంచి లేదని నేననను. కానీ ఆ మంచి ఆట పెట్టినవాళ్ళ పుణ్యం కాదు, మా పిన్నిది. వాళ్ళకి కావలసింది ఆవిడ నిద్రపట్టని రాత్రి. రెండింటికి మేలుకున్న మనిషి అరగంట ఆగడానికి ఇష్టపడదని వాళ్ళకి తెలుసు. మా పిన్ని గట్టిది, ఒక్క రూపాయి కట్టలేదు. ఆడేవాళ్ళలో చాలామంది కట్టరు కూడా. కట్టే కొద్దిమందిమీదే ఇలాంటి వ్యాపారం నిలబడుతుంది. అందులో విపరీతంగా కట్టేవాళ్ళకి ఆ వ్యాపారంలో పెట్టుకున్న పేరు 'తిమింగలాలు'. ఇంటికి వచ్చి కాఫీ తాగి వెళ్ళినవాళ్ళని వెనకాల అలా పిలిస్తే మనం ఊరుకుంటామా?

చట్టం సంగతంటారా? బెల్జియంలో 2018లో, డబ్బుతో కొనే మూతపెట్టెలు — తెరిస్తేగాని లోపల ఏముందో తెలియనివి — జూదమేనని అక్కడి జూద నియంత్రణ సంఘం తేల్చిచెప్పింది. మన దగ్గర ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసి, డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలన్నిటినీ ఆపింది. మంచిపనే. ఆ రమ్మీ అప్పులు ఎన్ని ఇళ్ళు కూల్చాయో మనం పేపర్లో చదువుతూనే వున్నాం. కానీ చూడండి, డబ్బు తిరిగొస్తుందన్న ఆశ వున్న ఆటకి చట్టం అడ్డొచ్చింది. పోవడమేగాని రావడమన్నది లేని ఆట మటుకు కాలక్షేపం కింద చెల్లిపోతోంది.

కింగ్ కంపెనీ గడుసుతనం గురించి ఇంకొక్క ముక్క. 'క్యాండీ' అన్న మాటనే తన సొంత గుర్తుగా రాసిమ్మని అమెరికాలో అర్జీ పెట్టుకుంది. రేపు ఎవరో 'లడ్డూ' అన్న మాట నాదంటే మన పండగలేం కావాలి? చిన్నచిన్న ఆటల తయారీదార్లు గోల చేస్తే 2014 ఫిబ్రవరిలో వెనక్కి తీసుకుంది. ఆ ఆటలో మెట్లు ఇప్పటికి పదిహేనువేలు దాటాయి. ఎవరు కడుతున్నారు ఇన్ని మెట్లు? మనుషులే కట్టారు, చాలాకాలం. 2025 జులైలో మైక్రోసాఫ్ట్ దాదాపు 9,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ వేటు కింగ్ మీద కూడా పడింది. మెట్లు కట్టే పనిని యంత్రాలకి నేర్పే పనిముట్లు తయారుచేసినవాళ్ళ ఉద్యోగాలే ఆ పనిముట్లకి పోయాయని వార్తలొచ్చాయి. కొత్తకోడలికి వంట నేర్పిన అత్తగారిని వంటింట్లోంచి పంపేసినట్టుంది.

ఇలాంటి ఆటల మధ్య 2023 జులైలో 'వెన్బా' వచ్చింది. కెనడాలో టొరంటోలో వుండే చిన్న బృందం, విసాయ్ గేమ్స్ వాళ్ళు చేసింది. 1980ల్లో తమిళదేశం నుంచి కెనడా చేరిన ఇల్లాలు వెన్బా, భర్త పావలన్, అక్కడే పుట్టిన కొడుకు కవిన్. తల్లి రాసిచ్చిన వంటల పుస్తకం ఒకటి తెచ్చుకుంటుంది వెన్బా. పేజీలు చిరిగి, అక్షరాలు అలుక్కుపోయి వుంటాయి. పోయిన ముక్క ఏదో మనం ఊహించి వండాలి. అదే ఆట. మొదటి వంట ఇడ్లీ! పై రేకు గుంటలు కింది రేకు గుంటలమీద సరిగ్గా పడితే ఆవిరి ఆడదు, కాస్త తిప్పి పెట్టాలి. ఏ తుపాకి వీరుడికైనా ఇది పజిలే. మనకి చేతివాటం. పాతికేళ్ళుగా మన చేతుల్లో వున్న తెలివిని ఒక ఆట తెలివిగా గుర్తించడం నేను మొదటిసారి చూశాను. నెత్తిన రేడియో పెట్టుకున్నట్టు, వంటకొక్క పాట, ఒక్కొక్క కాలపు తమిళ సినిమా బాణీలో.

లోపాలు లేవా? వున్నాయి. గంటన్నరలో అయిపోతుంది. కొడుకు పెద్దవాడైపోవడం చూస్తుండగానే జరిగిపోతుంది. కవిన్ తనని కెవిన్ అని పిలవమనే వయసులో తల్లి మనసు ఇంకాస్త తవ్వివుండాల్సింది. నవలైతే అక్కడ నేను నాలుగు వారాలు నడిపేదాన్ని. అంట్లు తోమే పని ఆటలో ఎక్కడా లేకపోవడం కూడా నాకు కాస్త అన్యాయంగానే తోచింది. వంట కుదరకపోతే మళ్ళీ మొదలుపెట్టుకోవడమే, తిట్టేవాళ్ళెవరూ లేరు. ఇది మటుకు కల్పన!

అయినా 2024లో బ్రిటన్ వాళ్ళ బాఫ్టా బహుమతుల్లో తొలి ఆటకిచ్చే బహుమతి దీనికి రావడం నాకు మా ఇంటి పిల్లకొచ్చినంత సంతోషమైంది. ధర ఒక్కసారే కడతాం. ఆ తర్వాత వెన్బా మనల్ని డబ్బడగదు, అర్ధరాత్రి లేపదు. పుట్టుగొట్టంలో కొబ్బరి ముందు పొయ్యాలా, పిండి ముందు పొయ్యాలా అన్నది మాత్రం అడుగుతుంది.